బీటెక్ మొదటి ఏడాదిలోనే అబ్బాయిలు జారిపోతున్నారు: మెంటరుగా ఎక్కడ పట్టుకోవాలి?

మెంటరు_ఫస్టియర్:

అందరికీ నమస్కారం. మాది జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ టెక్నాలజీ యూనివర్సిటీ) అనుబంధ కాలేజీ. ఊరికి దూరంగా, హైవే పక్కన. మొదటి ఏడాది అబ్బాయిల సంగతి ప్రత్యేకంగా చూడమని ప్రిన్సిపాల్‌గారు ఇద్దరు లెక్చరర్లకు అప్పగించారు, వాళ్లలో నేనొకణ్ణి. ప్రతి ఏడాదీ ఒకటే వరస. ఇంటర్‌లో మంచి మార్కులతో వచ్చినవాళ్లు కూడా మొదటి సెమిస్టరు ఫలితాల్లో రెండు మూడు సబ్జెక్టులు పోగొట్టుకుంటారు. రెండో ఏడాదికల్లా అవి ఐదారు అవుతాయి. మూడో ఏడాదిలో ప్లేస్‌మెంటు మాట ఎత్తితే తల దించుకుంటారు. అదే సెక్షన్‌లో అమ్మాయిలకు బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) తక్కువ. వాళ్లకు డౌటు వస్తే స్టాఫ్‌రూముకు వచ్చి అడుగుతారు. అబ్బాయిలు రారు. మనమే పిలిస్తే "ఏం లేదు సార్" అని నిలబడతారు.

మెంటరు పుస్తకం ఉంది, సంతకాలూ ఉన్నాయి. దానివల్ల ఒక్క పిల్లాడు కూడా పాసు కావడం లేదు. నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి: ఏ వారంలో మొదలుపెట్టాలి? పిలిచినా రానివాణ్ణి ఎలా కదిలించాలి? హాస్టల్లో, బయట రూముల్లో ఉండేవాళ్ల రాత్రుళ్ల సంగతి ఏం చేయాలి? ఇంట్లోవాళ్లకు ఎప్పుడు, ఎలా చెప్పాలి? చేసి చూసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

ఎగ్జామ్‌బ్రాంచి_పాతకాపు:

సార్, ముందు లెక్కతో మొదలుపెట్టండి. నీతులు చెబితే అబ్బాయిలు చెవిన పెట్టరు, కాగితం మీద లెక్క వేసి చూపిస్తే మాత్రం కూర్చుని చూస్తారు.

ముందు హాజరు. సెమిస్టరు 16 వారాలు, వారానికి 30 పీరియడ్లు అనుకుందాం. మొత్తం 480. అందులో 75 శాతం అంటే 360. సగం క్లాసులకే వచ్చే అబ్బాయికి మూడో వారం చివర 90కి 45 ఉంటాయి. మిగిలిన 390లో 315 రావాలి, అంటే 81 శాతం. కొంచెం ఒళ్లు వంచితే అయ్యే పనే. ఆరో వారం చివరికి 180కి 90 అవుతాయి, మిగిలిన 300లో 270 రావాలి. 90 శాతం. మధ్యలో ఒక్క వారం జ్వరం వస్తే, ఇక ఒక్క పీరియడు కూడా మానడానికి ఉండదు. ఎనిమిదో వారం చివరికి 240కి 120. ఇక ఒక్క పీరియడు కూడా మానకుండా 240కి 240 వస్తే తప్ప 75 అందదు. కండొనేషన్ (హాజరు తగ్గినందుకు ఇచ్చే మినహాయింపు) గీత అయిన 65 శాతం, అంటే 312 అందుకోవాలన్నా మిగిలిన 240లో 192 రావాలి.

ఇప్పుడు మన కాలేజీల్లో హాజరు లిస్టు మొదటిసారి ఎప్పుడు అంటిస్తారో గుర్తు చేసుకోండి. మొదటి మిడ్ (సెమిస్టరు మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) దగ్గర, అంటే ఇంచుమించు ఆ ఎనిమిదో వారంలోనే. వాడు లిస్టులో తన నంబరు చూసుకునే సరికి దారి మూసుకుపోయి ఉంటుంది. "ఎలాగూ పోయింది కదా" అని ఆ రోజు నుంచి పూర్తిగా మానేస్తాడు. వాడిలో పట్టుదల లేదని మనం అనుకుంటాం. అసలు తప్పు లిస్టు ఆలస్యంగా అంటించడంలో ఉంది. కాబట్టి మూడో వారం శుక్రవారం మొదటి లిస్టు తీయండి. గోడకు అంటించవద్దు. ఎవడి అంకె వాడికే, చిన్న చీటీ మీద: "ఇప్పటికి ఇన్ని, ఇకపైన వారానికి 30లో ఇన్ని." ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా 75 శాతం హాజరు అడుగుతారని ఆ చీటీలోనే ఒక వాక్యం రాయండి. ఇంట్లో డబ్బు ఇబ్బంది తెలిసిన పిల్లలకు ఆ ఒక్క వాక్యం బాగా పనిచేస్తుంది. కండొనేషన్ అనేది వైద్య కారణం మీద పత్రాలు పెట్టి, ఫీజు కట్టి తెచ్చుకునేది. అది హక్కు కాదని మొదటి వారమే చెప్పేయండి.

ఇక మార్కులు. ఆర్22 బ్యాచ్‌లకైతే (2022 నుంచి చేరినవాళ్లకు వచ్చిన నిబంధనలు) ఇంటర్నల్, అంటే కాలేజీలో వేసే మార్కులు 40, ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టరు చివరి పరీక్ష 60. ఇంటర్నల్లో కనీసం 14, ఎక్స్‌టర్నల్లో కనీసం 21, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్ 14తో గట్టెక్కినవాడికి ఎక్స్‌టర్నల్లో 26 కావాలి. అదే 19 తెచ్చుకుంటే ఎక్స్‌టర్నల్ 21 చాలు. కాబట్టి ఇంటర్నల్లో 19 అనేది పిల్లాడికి చెప్పాల్సిన అంకె. మిడ్‌లు రెండింటి సగటు 30కి, మిగతా 10 అసైన్‌మెంటు, వైవా లాంటివాటికి. ఆ 10లో 8 తెచ్చుకుంటే మిడ్‌ల సగటు 11 వస్తే సరిపోతుంది. ఇది విన్నాక "నావల్ల కాదు" అనే మాట సగం తగ్గుతుంది. అసైన్‌మెంటు గడువు దాటాక తెచ్చి ఇచ్చేవాళ్లలో అబ్బాయిలే ఎక్కువ. ఆ మార్కులు ఊరికే వదులుకుంటున్నారు. కాకినాడ యూనివర్సిటీ ఆర్20లో లెక్క వేరు: ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70, రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం. అక్కడ మొదటి మిడ్ పోయినా కోలుకోవచ్చు, ఇక్కడ సగటు కాబట్టి అంత సులువు కాదు. మీ కాలేజీ అటానమస్ (సొంత నిబంధనలు పెట్టుకునేది) అయినా, కొత్త రెగ్యులేషన్ వచ్చినా ఆ పుస్తకం తీసి అంకెలు మార్చుకోండి.

క్రెడిట్లు, అంటే సబ్జెక్టు పాసైతే చేరే పాయింట్లు. ఆర్22లో మొదటి ఏడాది 40, రెండో ఏడాదికి పోవాలంటే కనీసం 20 ఉండాలి. మూడో ఏడాదికి 80లో 48, నాలుగో ఏడాదికి 120లో 72. సప్లీ (తప్పిన సబ్జెక్టు పరీక్ష మళ్లీ) రాసేటప్పుడు పిల్లలు "ఏది తేలిక" అని చూసి ఒక క్రెడిటు ల్యాబు ముందు పెట్టుకుంటారు. 16 క్రెడిట్లు ఉన్నవాడికి 4 క్రెడిట్ల ఎం1 (మొదటి లెక్కల పేపరు) ఒక్కటి పాసైతే 20 వచ్చేస్తాయి. ఏ సబ్జెక్టు రాస్తే ఎన్ని క్రెడిట్లు చేరతాయో పిల్లాడి పక్కన కూర్చుని రాసి చూపించండి.

ఇంకొకటి, అందరూ తేలిగ్గా తీసుకునేది: సప్లీ ఫీజు గడువు. నోటిఫికేషన్ వాట్సాప్ గ్రూపులో వందల మెసేజిల కింద పడిపోతుంది. నాలుగు సబ్జెక్టులు ఉన్నవాడు చేతిలో డబ్బు లేక రెండింటికే కడతాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పడు. గడువుకు వారం ముందు మెంటరు దగ్గర పేర్ల లిస్టు ఉండాలి, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో ఎగ్జామ్ బ్రాంచిని అడిగి టిక్కు పెట్టాలి. రీవాల్యుయేషన్‌కు గడువు ఇంకా తక్కువ. ఒకటి రెండు మార్కుల్లో ఆగినవాళ్లకు అదే రోజు ఫోన్ చేయండి.

లెక్కల_మాస్టారు_కరీంనగర్:

పైవారు చెప్పినదాంట్లో ఎక్కువ గొడవ ఎం1 చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దాని గురించి చెప్తాను.

ఇంటర్ కార్పొరేట్ హాస్టల్లో పొద్దున లేపేవాడున్నాడు, చదివించేవాడున్నాడు, వారం వారం పరీక్ష పెట్టేవాడున్నాడు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కోసం ఆప్షన్లు చూసి జవాబు కొట్టే అలవాటు చేశారు. బీటెక్‌లో ఆ లేపేవాళ్లంతా ఒక్కసారిగా మాయమవుతారు, పైగా పది మార్కుల ప్రశ్నకు ప్రతి మెట్టూ రాయాలి. తెలివి తక్కువై తప్పుతున్నారని అనుకోవద్దు.

మొదటి వారంలోనే 20 ప్రశ్నలు, 40 నిమిషాల చిన్న పరీక్ష పెట్టండి. భిన్నాలు, గుర్తులు ఐదు, కారణాంక విభజన, వర్గ సమీకరణాలు ఐదు, అవకలనం ఐదు, సమాకలనం ఐదు. మార్కులు ఎక్కడా వేయరని ముందే చెప్పాలి. పదికి తక్కువ వచ్చినవాళ్ల కాగితాలు తీసి ఏ ఐదులో తప్పారో చూడండి. మీరు సమాకలనం దగ్గర అనుకుంటారు, తీరా చూస్తే భిన్నాల దగ్గరే చాలామంది ఆగుతారు.

ఒక ఉదాహరణ. మాత్రిక కోటి (ర్యాంకు) కనుక్కోవడం. మొదటి వరుస 2, 1, 3. రెండో వరుస 3, 2, 1. పిల్లాడు రెండో వరుస నుంచి మొదటి వరుసకు 3/2 రెట్లు తీసేస్తాడు. 1/2, మైనస్ 7/2 వస్తాయి. మూడో వరుసలో మళ్లీ భిన్నాలు, ఎక్కడో ఒక మైనస్ గుర్తు జారుతుంది, కొట్టివేతలు మొదలై పేజీ నల్లబడుతుంది, ప్రశ్న వదిలేసి ముందుకు పోతాడు. అదే రెండో వరుసను 2తో గుణించి, మొదటి వరుసను 3తో గుణించి తీసేయమని నేర్పండి. 0, 1, మైనస్ 7. భిన్నమే లేదు. కోటికి ఈ పద్ధతితో ఇబ్బంది లేదు. కానీ నిర్ధారకం (డిటర్మినెంట్) విలువ కట్టేటప్పుడు ఇలా చేస్తే విలువ రెట్టింపవుతుంది, ఆ మాట కూడా అప్పుడే చెప్పాలి. చెప్పకపోతే రెండో యూనిట్‌లో ఇంకో తప్పు పుడుతుంది. ఐగెన్ విలువలు వచ్చాక వాటి మొత్తం మాత్రిక ప్రధాన కర్ణం మీది అంకెల మొత్తంతో సరిపోయిందా, లబ్ధం నిర్ధారకంతో సరిపోయిందా అని చూసుకోవడం అలవాటు చేయండి. పది సెకన్ల పని, పది మార్కులు నిలబడతాయి.

ఆర్22 పేపరులో పార్ట్ ఏ పది ఒక మార్కు ప్రశ్నలు, పార్ట్ బీ యూనిట్‌కు ఒకటి చొప్పున ఐదు, ఒక్కొక్కటి పది మార్కులు, ప్రతిదానికీ ఛాయిస్ ఉంది. పార్ట్ ఏలో 6, మొదటి రెండు యూనిట్ల ప్రశ్నల్లో 8, 7 వస్తే 21. ఆ రెండు యూనిట్లూ మాత్రికలే. చివరి విడత కౌన్సెలింగ్‌లో, స్పాట్‌లో చేరిన పిల్లలు పోగొట్టుకునేది కూడా సరిగ్గా ఈ రెండు యూనిట్లే. వాళ్లు వచ్చేసరికి క్లాసు కలనగణితంలో ఉంటుంది. ఆలస్యంగా చేరినవాళ్ల పేర్లు విడిగా రాసుకుని, రెండు ఆదివారాలు మూడేసి గంటలు మాత్రికలు చెప్పించండి. ఇంతకంటే లాభసాటి ఆరు గంటలు మీ ఏడాది మొత్తంలో దొరకవు.

సాయంత్రం ప్రాక్టీసు పెడితే ఐదారుగురికి ఒక గుంపు, వారానికి నాలుగు రోజులు, గంటన్నర. గంటన్నరలో మొదటి పది నిమిషాలు నిన్నటి లెక్క ఒకటి చూడకుండా చేయాలి, తర్వాత యాభై నిమిషాలు కొత్తవి, చివర ఒక లెక్క పరీక్షలాగా, మిగిలిన సమయం తప్పులు దిద్దుకోవడానికి. గుంపుకు సీనియర్ని పెట్టేటప్పుడు టాపర్ని పెట్టకండి. ఎం1 తప్పి రెండోసారి రాసి పాసైనవాణ్ణి పెట్టండి. ఎక్కడ జారతారో వాడికి తెలుసు, వాడి ముందు అడగడానికి జూనియర్‌కు సిగ్గుండదు. ఈ పని చెడిపోయే దారులు మూడు. సీనియర్ బోర్డు మీద చేస్తుంటే అందరూ చూస్తూ కూర్చోవడం మొదటిది. సుద్ద జూనియర్ల చేతిలో ఉండాలి. ఒకే రూములో ఉండే నలుగురినీ ఒకే గుంపులో వేయడం రెండోది. మొదటి వారం కబుర్లు, రెండో వారం అందరూ కలిసే మానేస్తారు. మూడోది పేరు. "బ్యాక్‌లాగ్ బ్యాచ్" అని పేరు పడిందా, ఇక ఒక్కడూ రాడు. "ఎం1 ప్రాక్టీసు అవర్" అని టైమ్‌టేబుల్లోనే వేసి, బాగా చేసేవాళ్లను కూడా గుంపుకొకరిని కలపండి.

వార్డెన్_అన్న:

హాస్టల్ సంగతి నేను చెప్తా.

రాత్రి పదకొండున్నరకు వైఫై ఆపితే చదువుతారనుకోవడం పొరపాటు. మొబైల్ డేటా ఉంది. పడుకునే టైము మన చేతిలో లేదు, లేచే టైము కొంతవరకు ఉంది. టిఫిన్ 7:15 నుంచి 8:15 దాకా పెట్టి, ఆ గంటలో మెస్సు దగ్గర ఒక మనిషి కూర్చుని టిక్కులు పెట్టుకోవాలి. వరుసగా మూడు రోజులు టిఫిన్‌కు రానివాడి రూముకు నాలుగో రోజు వార్డెన్ స్వయంగా పోవాలి, అరవడానికి కాదు, మనిషిని చూడ్డానికి. హాజరు లిస్టు కంటే రెండు వారాల ముందే టిఫిన్ లిస్టు నిజం చెప్తుంది. తిండికి రానివాడు క్లాసుకూ రాడు.

రూములు ఇచ్చేటప్పుడు మిగిలిపోయినవాళ్లనంతా చివరి అంతస్తులో ఒకచోట వేస్తుంటారు. అదే అసలు నష్టం. ఆలస్యంగా చేరినవాళ్లు, డిటైన్ అయి (పై ఏడాదికి పోకుండా ఆగిపోయి) మళ్లీ చదువుతున్నవాళ్లు నలుగురూ ఒకే రూములో పడతారు. ఒకరికి ఒకరు "ఏం కాదులే మామా" అని ధైర్యం చెప్పుకుంటారు, ఎవరూ లేవరు. ఒక్కో రూముకు ఒక్కడికి మించకుండా పంచండి.

స్టడీ అవర్ రూముల్లో పెడితే పనికిరాదు. రాత్రి భోజనం అయ్యాక మెస్సు హాలులోనే బల్లలు తుడిపించి ఎనిమిదిన్నర నుంచి పది దాకా లైట్లు, ఫ్యాన్లు వేసి ఉంచండి. తొమ్మిదిన్నరకు టీ పెట్టండి. బలవంతం వద్దు. మొదటి వారం పదిమందే వస్తారు, మిడ్ దగ్గరికి నిండుతుంది. సాయంత్రం గంటసేపు ఆటను మాత్రం ఎప్పుడూ ఆపకండి. పరీక్షలని గ్రౌండుకు తాళం వేస్తే వాళ్లు చదువుకు పోరు, ఫోనులోకి పోతారు.

బయట రూముల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్లు మనకు కనపడరు. వాళ్ల రూము ఏ వీధిలో ఉందో, ఎవరితో ఉంటున్నారో, ఇంటి ఓనరు నంబరు ఏదో మొదటి నెలలోనే రాసుకోండి. వాళ్లలో కొందరు రాత్రి ఫుడ్ డెలివరీకి, బైక్ ట్యాక్సీకి పోతున్నారు. దాన్ని తప్పులాగా చూడకండి, ఇంటికి డబ్బు పంపే పిల్లలు కూడా ఉంటారు. మానేయమంటే మనతో మాట్లాడడమే మానేస్తాడు. ఆర్డర్లు ఎక్కువ వచ్చేది రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా. వారంలో రెండు రోజులు, శని ఆదివారాలు అని ఒప్పందం చేసుకోండి. మర్నాడు పొద్దున ల్యాబు ఉంటే ఆ రాత్రి బండి తీయకూడదు.

మెంటరు_ఫస్టియర్:

చాలా ఉపయోగపడే మాటలు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. పిలిచాక "ఏం లేదు సార్" దగ్గరే ఆగిపోతున్నాను. రెండోది, ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు ఇంట్లో ఇచ్చిన ఫీజు డబ్బు ఆఫీసులో కట్టలేదని తెలిసింది. ఆన్‌లైన్ బెట్టింగ్ అని క్లాసులో అనుకుంటున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే ఏమవుతుందోనని భయంగా ఉంది.

కౌన్సెలర్_విజయవాడ:

మెంటరుగారూ, "ఏంటి ప్రాబ్లం?" అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ "ఏం లేదు సార్" అనే. సమస్య ఉందని ఒప్పుకుంటేనే కదా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది! మగపిల్లాడు చిన్నప్పటినుంచి అది ఒప్పుకోకూడదనే నేర్చుకున్నాడు. అంకెతోనో, వస్తువుతోనో జవాబు చెప్పగలిగే ప్రశ్న అడగండి. "నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్?" "పొద్దున ఏం తిన్నావ్?" "ఈ వారం ఏ క్లాసుకు పోబుద్ధి కాలేదు?" "ఎవరితో కూర్చుంటావ్?" నాలుగో ప్రశ్నకు ఎవరి పేరూ చెప్పలేకపోతే అది పెద్ద సంగతి, రాసుకోండి.

హెచ్‌ఓడీ గదిలో బల్లకు ఇటు మీరు, అటు వాడు, తలుపు దగ్గర ఇంకో ఇద్దరు స్టాఫ్: ఇలాంటి చోట ఎవరూ నోరు విప్పరు. ల్యాబులో పక్కపక్కన స్టూళ్ల మీద, లేదా క్యాంటీన్ దాకా నడుస్తూ మాట్లాడండి. పది నిమిషాలు చాలు. చివర ఒకే ఒక పని ఒప్పించండి, "రేపు ఫస్ట్ పీరియడు." మర్నాడు ఆ క్లాసు అయ్యాక కారిడార్‌లో కనపడి "వచ్చావుగా" అనండి. రెండో మీటింగు కచ్చితంగా వారంలోపే ఉండాలి. మొదటిసారి బాగా మాట్లాడి మళ్లీ నెల దాకా కనపడకపోతే, "అందరిలాంటివాడే" అనుకుంటాడు. ఆ తర్వాత తలుపు తెరవడు. అందుకే మెంటరుకు ఇరవైమంది మించకూడదు, అందులో గట్టిగా పట్టించుకోవాల్సినవాళ్లు ఐదారుగురు మించకూడదు.

ఇంటికి ఫోను. వాడికి చెప్పకుండా చేయకండి. "రేపు సాయంత్రం మీ నాన్నగారితో మాట్లాడతాను, ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు" అనండి. వీలైతే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. ఏడు దాటాక చేయండి, పొలం నుంచో డ్యూటీ నుంచో ఇంటికి చేరి ఉంటారు. నిజామాబాద్, కరీంనగర్ వైపు తండ్రి గల్ఫ్‌లో ఉండి తల్లి ఎత్తే ఇళ్లు చాలా ఉంటాయి. తల్లితో మాట్లాడేటప్పుడు డిటెన్షన్, కండొనేషన్ అనే మాటలు వద్దు. "మూడు వారాల్లో 90 క్లాసులకు 45 వచ్చాడు, ఇక నుంచి వారానికి 25 వస్తే సరిపోతుంది, మేం చూసుకుంటున్నాం" అనండి. "మీవాడు చెడిపోతున్నాడు" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో మీకు కనపడదు.

డబ్బు విషయం. తోటివాళ్ల దగ్గర ఐదొందలు, వెయ్యి చొప్పున చాలామంది దగ్గర అప్పు, ఫోను ఎప్పుడూ బోర్లా, తెలియని నంబర్ల నుంచి ఆగకుండా కాల్స్, ఇవి గుర్తులు. పందెం కాసి ఆన్‌లైన్ ఆటలాడడాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అయినా యాప్‌లు వేరే దారుల్లో వస్తూనే ఉన్నాయి. పిల్లాడు అది ఎవరికీ చెప్పలేకపోవడానికి ఒక కారణం ఇదే, తానే నేరం చేశానని భయం. మీరు ఫోను లాక్కోవద్దు. ఒక తెల్లకాగితం ఇచ్చి మూడు గడులు గీయించండి: స్నేహితులకు ఎంత, లోన్ యాప్‌లకు ఎంత, కాలేజీకి ఎంత. మొత్తం రాయడానికి అరగంట పడుతుంది. మొదట చెప్పిన అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది. "ఇంకా ఎవరైనా?" అని రెండుసార్లు అడగండి. పాత అప్పు తీర్చడానికి కొత్త లోన్ యాప్ తీసుకోవద్దని ఆ క్షణమే మాట తీసుకోండి, ఊబి లోతయ్యేది అక్కడే. కాలేజీ ఫీజు వాయిదాల్లో కట్టేలా ఆఫీసుతో మీరు మాట్లాడండి. లోన్ యాప్‌వాళ్లు కాంటాక్టు లిస్టులో అందరికీ ఫోన్లు చేస్తూ, మార్ఫింగ్ ఫొటోలతో బెదిరిస్తుంటే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఆ పని వాడొక్కడి మీద వదలకండి, పక్కన ఉండి చేయించండి. ఈ కాగితం తయారయ్యాకే ఇంటికి చెప్పండి. అంకె తెలియని అప్పు తల్లిదండ్రులను ఎక్కువ భయపెడుతుంది. మొత్తం ఎంతో, ఎలా తీరుస్తారో ముందుంటే కోపం ఎంత వచ్చినా మాట ముందుకు పోతుంది.

ఇంకొక్క సంగతి, దయచేసి దీన్ని దాటవేయకండి. ఫలితాలు వచ్చిన రాత్రి, డిటైన్ లిస్టు వచ్చిన రోజు, అప్పు బయటపడ్డ రోజు, ఈ మూడు రోజుల్లో పిల్లాడు ఒంటరిగా ఉండకూడదు. ఫలితాలు రాత్రిపూట వస్తే మూడు, అంతకంటే ఎక్కువ సబ్జెక్టులు పోయినవాళ్లకు మెంటరు ఆ రాత్రే ఫోన్ చేయాలి. ఎత్తకపోతే రూమ్మేటుకు, వార్డెన్‌కు చేయాలి. "నేను లేకపోతే అందరికీ హాయి" అన్నట్టు మాట్లాడినా, తన వస్తువులు పంచిపెడుతున్నా నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా పుట్టదు. అడిగినవాడు ఒకడున్నాడని ఊపిరి పీల్చుకుంటాడు. అవునంటే వాణ్ణి వదిలి కదలకండి, ఇంట్లోవాళ్లను పిలిపించండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద కంటే హాస్టల్ బాత్‌రూముల తలుపుల లోపలివైపు అంటిస్తే ఎక్కువమంది చూస్తారు. అక్కడ ఎవరూ చూడకుండా ఫోనులో ఎక్కించుకోవచ్చు.

పాలిటెక్నిక్_నుంచి:

ఈసెట్ పరీక్ష ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరే డిప్లొమా అబ్బాయిలను మర్చిపోకండి. ల్యాబులో, వర్క్‌షాపులో వాళ్ల చేయి బాగుంటుంది, లెక్కల్లో కింద పడతారు. వాళ్లను ల్యాబు బ్యాచ్‌కొకడిగా పంచి, లెక్కల గుంపులో బీటెక్ పిల్లలతో కలపండి. ఒకచోట నేర్పేవాడు, ఇంకోచోట నేర్చుకునేవాడు అవుతాడు. ఎప్పుడూ సాయం తీసుకునే పక్కనే కూర్చోబెడితే కుర్రాడు నిలవడు. మొదటి ఏడాది క్రెడిట్లు వాళ్లకు లెక్కలో ఉండవు కాబట్టి పైన చెప్పిన 48, 72 అంకెలు వాళ్లకు వర్తించవు. లేటరల్ ఎంట్రీ నిబంధనలు విడిగా చూడాలి.

అధ్యాపకురాలు_గుంటూరు:

ఒక అభ్యంతరం చెప్పాలి. అమ్మాయిలకు బ్యాక్‌లాగ్‌లు తక్కువని చెప్పి, వాళ్ల హాస్టల్లో ఆరున్నరకే గేటు వేయడమే దానికి కారణమనీ, అబ్బాయిలకూ అదే చేయాలనీ స్టాఫ్‌రూముల్లో మాట వినిపిస్తుంటుంది. అది తప్పు దారి. గేటు వేసినందువల్ల అమ్మాయిలకు పోయేవి కూడా ఉన్నాయి: లైబ్రరీ, ప్రాజెక్టు ల్యాబు, కోడింగ్ పోటీలు. పైగా చదువుల్లో అబ్బాయిలు వెనకపడ్డారని మరీ గగ్గోలు పెట్టాల్సిన పని లేదు. 2021-22 ఏఐఎస్‌హెచ్‌ఈ అనే కేంద్ర ఉన్నత విద్య సర్వే లెక్కల్లో స్థూల నమోదు నిష్పత్తి (ఆ వయసువాళ్లతో పోలిస్తే చేరినవాళ్ల శాతం) అబ్బాయిలది 28.3, అమ్మాయిలది 28.5. ఇంచుమించు సమానం. చేరడంలో పెద్ద తేడా లేదు, చేరాక ఎలా ఉంటున్నారనేదే ఇక్కడి ప్రశ్న.

కాబట్టి ప్రాక్టీసు అవర్, ఆదివారం మాత్రికల క్లాసు, హాజరు చీటీ అందరికీ ఇవ్వండి. అమ్మాయిల్లోనూ నోరు విప్పనివాళ్లు ఉన్నారు. అబ్బాయిలకు ప్రత్యేకంగా చేయాల్సింది ఒక్కటే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మనమే వాళ్లున్న చోటికి పోవడం. సమయం కూడా వాళ్లకు తగినట్టు పెట్టాలి. నాలుగున్నరకు పెడితే బస్సు పిల్లలు రాలేరు, ఆటకు పోయేవాళ్లు రారు. బస్సుల్లో వచ్చేవాళ్లకు మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట, హాస్టల్‌వాళ్లకు రాత్రి. రెండూ ఒకేచోట కుదరవు.

మెంటరు_ఫస్టియర్:

మేడమ్, మీ మాట నిజం, అందరికీ తెరిచే పెడతాం. పాతకాపుగారూ, చివరిగా ఒకటి. మూడో వారం చీటీ ఇవ్వాలంటే హాజరు అప్పటికి కంప్యూటర్‌లో ఎక్కి ఉండాలి. మా దగ్గర లెక్చరర్లు నెలకోసారి ఎక్కిస్తారు.

ఎగ్జామ్‌బ్రాంచి_పాతకాపు:

అన్ని చోట్లా అక్కడే ఆగుతుంది సార్. అందరి రిజిస్టర్లూ అడగకండి, ఎవరూ ఇవ్వరు. మూడు సబ్జెక్టులు చాలు: ఎం1, ప్రోగ్రామింగ్, పొద్దున మొదటి పీరియడు ఎవరిదైతే వాళ్లది. ఆ ముగ్గురు లెక్చరర్ల రిజిస్టరు పేజీలను బుధవారం సాయంత్రం ఫోనులో ఫొటో తీసుకోండి. గురువారం ఒక సీనియర్ కుర్రాడితో కలిసి కూర్చుంటే సెక్షన్‌కు గంటలో అంకెలు వస్తాయి. శుక్రవారం ఆఖరి పీరియడులో చీటీలు. 60 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లకు చీటీ చేతికిచ్చి పంపేయకండి, శనివారం ఒక్కొక్కరితో పది నిమిషాలు, కౌన్సెలర్‌గారు చెప్పిన నాలుగు ప్రశ్నలతో. మళ్లీ ఐదో వారం, మళ్లీ ఏడో వారం. మొదటి మిడ్‌కు ముందు మూడుసార్లు అంకె చూసుకున్న పిల్లాడికి గోడ మీది లిస్టు కొత్త వార్త కాదు.